ఏనుగు మల్లమ్మ కొండ మీద రెండు రోజులు

హార్స్లీ హిల్స్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? కొత్తగా పెళ్లయిన జంటలు, బెంగుళూరు నుంచి కార్లేసుకుని వచ్చే కుర్రకారు, చల్లగాలి... అంతేనా? నాకూ అంతే. కుప్పంలో పద్దెనిమిదేళ్లుగా కాపురం ఉంటూ ఒక్కసారి కూడా ఆ కొండ ఎక్కలేదంటే నమ్ముతారా? మావారికి సెలవు దొరికితే పిల్లలకు పరీక్షలు. పిల్లలకు సెలవులొస్తే మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మీ ఇంట్లోనూ ఇదే వరస కదూ!

చివరికి మొన్న ఎండాకాలంలో వెళ్లొచ్చాం. సరదాకే వెళ్లాం. కానీ ఆ సరదా వెనక పెద్ద కథే ఉంది. మా రెండో అమ్మాయికి మెదడులో గడ్డ తీసి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆస్పత్రికి తప్ప దాన్ని తీసుకుని ఊరు దాటడం అదే మొదటిసారి. అందుకని కొండ సంగతులతో పాటు ఆ సంగతులు కూడా చెప్తాను. ఓపిగ్గా చదవండి. ఇవి మీకు అవసరపడకూడదనే దేవుణ్ణి కోరుకుంటాను. కానీ మీ పక్కింటివాళ్లకో, మీ బంధువులకో పనికిరావచ్చు.

తలుపుకు గుద్దుకునే పిల్ల

దానికప్పుడు పదకొండేళ్లు. పొద్దున లేవగానే తలనొప్పి అనేది. ఒక్కోరోజు వాంతి చేసుకునేది, తర్వాత మామూలుగా ఆడుకునేది. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాను. రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేచి చెంబుడేసి నీళ్లు తాగేది, అన్నిసార్లూ బాత్రూముకు పోయేది. ఎండలు కదా అనుకున్నాను. రెండేళ్లుగా దాని గౌన్లు పొట్టి కాలేదు. కొత్తవి కుట్టించే ఖర్చు తప్పిందని పైగా సంతోషించాను! గుమ్మం దాటుతూ భుజం తలుపుకు కొట్టుకునేది. కంచంలో ఓ పక్కన కూర ఉంటే “కూర వెయ్యలేదేమ్మా?” అనేది. “కళ్లు నెత్తికెక్కాయా?” అని కసిరాను. ఇప్పుడా మాట తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మొదట చూపించినచోట కళ్లద్దాలు రాశారు. రెండోచోట గ్యాసు అన్నారు. మూడోచోట ఒక కంటి డాక్టరమ్మ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఒక కన్ను మూయించి, తన వేలిని పక్కనుంచి మెల్లగా ముందుకు తెస్తూ, “కనపడగానే చెప్పు తల్లీ” అంది. వేలు దాదాపు ముక్కు ఎదురుకి వచ్చేదాకా పిల్ల నోరు తెరవలేదు. రెండో కన్నూ అంతే. రెండు కళ్లకీ బయటివైపు చూపు పోయింది! “ఇది కంటి జబ్బు కాదమ్మా. తలకు స్కానింగు తీయించండి, ఆలస్యం చెయ్యొద్దు” అంది ఆవిడ.

ఆ స్కానింగులో బయటపడినదాని పేరు క్రేనియోఫారింజియోమా. ఆ పేరు తప్పుల్లేకుండా పలకడానికే నాకు వారం పట్టింది. మెదడు అడుగున, ముక్కుకు వెనకాల శెనగగింజంత గ్రంథి ఒకటుంటుంది. దాన్ని పిట్యూటరీ అంటారు. ఎదుగుదలకు, థైరాయిడ్‌కు, ఒంట్లో నీటి లెక్కకు అదే మేస్త్రీ. ఆ గ్రంథి పక్కన పెరిగే గడ్డ ఇది. పది లక్షల జనాభాలో ఏడాదికి ఒకరిద్దరికి మించి రాదు. అయిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లోనూ, మళ్లీ యాభై దాటినవాళ్లలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. ఇది క్యాన్సరు కాదు. కానీ కంటి నరాలనీ, ఆకలిదప్పులు చూసే మెదడు భాగాన్నీ అంటుకుని కూర్చుంటుంది. అందుకని క్యాన్సరు కాదన్నంత మాత్రాన తేలిక కాదు.

మరి తల్లి మనసు ఊరుకుంటుందా? కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కత్తిపీట ముట్టుకున్నానా, తినకూడనిది ఏమైనా తిన్నానా అని రాత్రులు ఏడ్చాను. ఆపరేషను చేసిన డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు కొన్ని కణాలు కరిగిపోకుండా మిగిలిపోతాయట. ఎప్పుడో ఏళ్ల తర్వాత అవే పెరిగి గడ్డవుతాయట. “మీరు తిన్నదీ తిననిదీ, చేసిందీ చెయ్యనిదీ ఏదీ దీనికి కారణం కాదమ్మా” అన్నారు. ఈ ఒక్క మాట ఇక్కడ రాయాలనే ఇంత వ్యాసం మొదలుపెట్టాననుకోండి. ఎక్కడో ఏ తల్లో ఇలాగే తనను తాను తిట్టుకుంటూ ఉంటుంది.

అసలు పని ఇంట్లో

ఆపరేషను ఒక్క రోజు. తర్వాతదంతా ఇంట్లోనే. పిట్యూటరీ పని మానేసింది కాబట్టి ఆ మేస్త్రీ పనంతా ఇప్పుడు మాత్రలతో మనం చెయ్యాలి. పరగడుపున థైరాయిడ్ మాత్ర. రోజుకు మూడుసార్లు హైడ్రోకార్టిసోన్. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఒంటికి తట్టుకునే బలం ఇచ్చేది ఇదే. ఒక్కపూట మరిచిపోవడానికి లేదు, హఠాత్తుగా మానితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరమొస్తే డాక్టరు రాసిచ్చిన ప్రకారం మోతాదు పెంచాలి. ఇంకొకటి డెస్మోప్రెసిన్. అది లేకపోతే తాగిన నీళ్లు తాగినట్టే బయటికి పోతాయి. అలాగని అది వేసుకుని నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్సు రావచ్చు. అందుకని తాగేది కొలవాలి, పోసేది కొలవాలి, రోజూ బరువు చూడాలి, అన్నీ రాసిపెట్టుకోవాలి.

ఇక ఆకలి సంగతి. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకే “ఆకలేస్తోందమ్మా” అనేది. అది తిండిపోతుతనం కాదు. కడుపు నిండిందని చెప్పే మెదడు భాగం దెబ్బతింటే, కడుపు నిండినా ఆ కబురు అందదు. పిండివంటల డబ్బాలు అటక మీదికెక్కాయి. పండక్కి అరిసెలు వండడం మానేశాను. అయినా ఏడాదిలో పదకొండు కిలోలు పెరిగింది.

అప్పుడే ఒక బారసాలలో పుంగనూరులో ఉండే మా వదిన, అంటే మావారి అక్కగారు, నలుగురిలో అనేసింది: “ఏమ్మే, పిల్లకి అదేపనిగా పెడతాండావా ఏంది? ఇట్లా ఊదిపోయిందే!” అందరూ తిరిగి చూశారు. పిల్ల తల వంచుకుంది. నేనేమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆవిడతో ముక్తసరిగా మాట్లాడడమే. పిల్లను ఆవిడ దగ్గర గంటసేపు కూడా వదిలింది లేదు. నిజం చెప్పొద్దూ, ఎవరి దగ్గరా వదల్లేదు. మాత్రలు నేనే ఇవ్వాలి, లెక్క నేనే రాయాలి. రాత్రి మూడుసార్లు లేవాలి. మావారు సాయం చేస్తానన్నా “మీకు తెలీదు” అనేదాన్ని.

అలాంటిది, హార్స్లీ హిల్స్ ప్రయాణం అనుకోగానే మావారు “అక్కను కూడా పిలుద్దాం” అన్నారు. నా మొహం ఎలా పెట్టానో మీరే ఊహించుకోండి!

పుంగనూరు ఆవు, మదనపల్లె గాలి

తెల్లవారుజామునే పులిహోర, పెరుగన్నం కట్టాను. దారిలో అమ్మాయి ఆకలికని కీరదోసకాయ ముక్కలు, వేయించిన శెనక్కాయలు లెక్కగా పొట్లాలు కట్టాను. మందుల్ని రెండు భాగాలు చేసి ఒకటి నా చేతిసంచిలో, ఇంకొకటి పెట్టెలో పెట్టాను. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది కదా.

వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు చేరాం. వదిన చేతిలో పెద్ద టిఫిను డబ్బాతో ఎక్కింది. “ఓళిగలు చేసినా” అంది. నా గుండె గుభేలుమంది. అమ్మాయి మాత్రం నవ్వుతూ, “అత్తా, మీ ఊరి ఆవులు పొట్టిగా ఉంటాయి కదా. నేనూ పుంగనూరు ఆవునే, ఇంతకన్నా పెరగను” అంది. పుంగనూరు ఆవు సంగతి మీకు తెలుసుగా, నడుమెత్తు కూడా ఉండదు, పాలు మాత్రం చిక్కన. వదిన నవ్వబోయి ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మదనపల్లెలో టమేటా పెట్టెల లారీలు దారికి అడ్డంగా ఉంటే అరగంట ఆగాం. ఈ మదనపల్లె గాలికి ఒకప్పుడు ఎంత పేరో! క్షయకు మందే లేని కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతే వైద్యం. అందుకోసం ఇక్కడ శానటోరియం పెట్టారు. ఊరి పక్కన 1915లో ఆరోగ్యవరం వెలిసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాని పెద్ద డాక్టరు. ఎక్కడెక్కడి రోగులో రైలు దిగి ఇక్కడికి వచ్చేవారు. మన దేశంలో బి.సి.జి. టీకాల పని 1948లో మొదలైనచోట్లలో మదనపల్లె ఒకటి. ఆ రోజుల్లో క్షయ అంటే ఇంట్లోవాళ్లే దూరంగా జరిగేవారు. ఇప్పుడు మా జబ్బు పేరు చెప్తే ఎవరూ దూరం జరగరు. కాకపోతే ఏం మాట్లాడాలో తెలీక పలకరించడం మానేస్తారు. రెండూ ఒకటేననిపించింది నాకు.

ఘాట్ రోడ్డు మలుపులో

అంగళ్లు దగ్గర అమ్మాయికి మధ్యాహ్నం హైడ్రోకార్టిసోన్ మాత్ర వేశాను. ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలైంది. నాలుగో మలుపో అయిదో మలుపో, “అమ్మా, కడుపులో తిప్పుతోంది” అంది. బండి ఆపేలోపే భళ్లున వాంతి.

మామూలు పిల్లకైతే నిమ్మకాయ వాసన చూపించి ఊరుకుంటాం. కానీ దీనికి మాత్ర లోపలికి పోయిందా, బయటికి వచ్చేసిందా? ఇది కొండ తిప్పటమా, లేక ఒంట్లో ఆ హార్మోను తగ్గి వచ్చిన వాంతా? నాకు ఒళ్లంతా చెమటలు. ఏం చెయ్యాలో నాకు కంఠతా వచ్చు. అయినా ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు!

మలుపులో చెట్టుకింద మజ్జిగ అమ్ముకునే ఆమె పరుగున వచ్చింది. “ఏమైందిమా పాపకి? ఈడ నీడన కూసోబెట్టండి” అంటూ గోనెపట్టా పరిచింది. మావారు పిల్లను ఎత్తుకుని దించారు. వదిన దాని నుదురు పట్టుకుంది.

“వదినా, నా సంచిలో నీలం అట్ట నోటుబుక్కు...” అన్నాను. గొంతు పెగల్లేదు. వదిన వెతికి తీసింది. మొదటి పేజీలోనే ఎర్రసిరాతో రాసి ఉంది. ఆవిడ బళ్లో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది: “మాత్ర వేసిన అరగంట లోపు వాంతి అయితే అదే మాత్ర మళ్లీ వెయ్యాలి. అదీ నిలవకపోతే ఇంజక్షను. వెంటనే ఆస్పత్రి.”

మళ్లీ మాత్ర వేశాం. గడియారం చూస్తూ కూర్చున్నాం. ఇంజక్షను మందు సంచిలోనే ఉంది, ఆస్పత్రి నర్సమ్మ నాకు నేర్పింది. అవసరమైతే వెనక్కి తిరిగి మదనపల్లె పెద్దాస్పత్రికి పోవాలని మావారు బండిని దిగువకు తిప్పి పెట్టుకున్నారు. పది నిమిషాలు. ఇరవై. అరగంట. పిల్ల నా ఒళ్లో కళ్లు మూసుకుని పడుకుంది. వదిన ఆ నోటుబుక్కు పేజీలు తిప్పుతూనే ఉంది. పద్నాలుగు నెలల లెక్క అది. ఏ పూట ఎన్ని నీళ్లు, రాత్రి ఎన్నిసార్లు లేచింది, బరువెంత, “ఆకలి” అని ఎన్నిసార్లు అడిగింది, నేను ఏం పెట్టాను, ఏం పెట్టలేదు... అన్నీ.

ముప్పావుగంటయ్యాక అమ్మాయి లేచి కూర్చుంది. “అమ్మా, పులిహోర ఉందా?” అంది. ఆ మాటకు నేనూ మావారూ ఒక్కసారే నవ్వేశాం. నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు. మజ్జిగ ఆమెకు ఎంత ఇవ్వబోయినా తాగిన మజ్జిగకే తీసుకుంది. “దిగొచ్చేటప్పుడు ఆపి పాపను చూపించి పోండి” అంది.

గాలి బండ మీద

కొండమీదికి చేరేసరికి మూడైంది. సముద్రమట్టానికి 1,265 మీటర్లు, అంటే నాలుగు వేల అడుగుల పైమాటే. కింద ఎండ మండిపోతుంటే పైన కొంగు కప్పుకోవాలనిపించేంత చల్లదనం. నీలగిరి చెట్ల వాసన గుప్పుమంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర ఈ చల్లదనానికి మోజుపడి ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు. ఆయన పేరే కొండకు స్థిరపడింది. నూట యాభై ఏళ్లు దాటిన నీలగిరి చెట్టొకటి ఉంది, దానికి “కల్యాణి” అని ముద్దుపేరు. మా అమ్మాయి దాన్ని కావలించుకోబోతే చేతులు సగం కూడా అందలేదు.

సాయంత్రం గాలి బండ దగ్గరికి వెళ్లాం. పేరుకు తగ్గట్టే అక్కడ గాలి మనిషిని తోసేస్తుంది. చీరకొంగు బొడ్లో దోపుకోకపోతే అంతే సంగతులు! అక్కడ నిలబడి మావారు వేలు చూపిస్తూ వదినకు చెప్తున్నారు. నైరుతి దిక్కున బెంగుళూరు. ఆగ్నేయంగా వేలూరు. తూర్పున తిరుపతి. అన్నీ కొన్ని గంటల ప్రయాణమే. ఆ ఏడాది మేము తిరగని దిక్కు లేదు.

మీకూ తెలిసి ఉండడం మంచిది కాబట్టి చెప్తాను. మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో మొదలైంది వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో. డాక్టర్ జేకబ్ చాందీ కెనడాలో చదువుకుని వచ్చి మొదలుపెట్టారు. అప్పటిదాకా మెదడుకు ఆపరేషను అంటే మనవాళ్లకు ఆశ వదులుకోవడమే. బెంగుళూరు నిమ్హాన్స్ 1974లో ఇప్పటి రూపానికి వచ్చింది, మెదడు, నరాల జబ్బులకే ప్రత్యేకం. బెంగుళూరు వైట్‌ఫీల్డులో 2001లో మొదలైన సత్యసాయి ఆస్పత్రిలో మెదడు ఆపరేషన్లు డబ్బు తీసుకోకుండా చేస్తారు. తిరుపతిలో స్విమ్స్ 1993 నుంచి నడుస్తోంది. మాకు ఎక్కడ జరిగిందో రాయను. ఒకరికి కుదిరినది ఇంకొకరికి కుదరాలని లేదు. గడ్డ ఉన్నచోటును బట్టి కొందరికి ముక్కులోంచి దుర్బిణీతో తీస్తారు, కొందరికి పుర్రె తెరవాలి, మిగిలిన ముక్కకు రేడియేషను ఇస్తారు. కానీ ఇలాంటి అరుదైన గడ్డను తరచుగా చూసే చోటికే వెళ్లండి, దగ్గరని కాదు.

వదిన అంతా విని, “ఇన్ని ఊర్లు తిరిగితిరి. పుంగనూరు దావలోనే కదా, ఒకపూట దిగి చెప్పలేకపోతిరే” అంది.

నాకు కోపం వచ్చింది. “చెప్పడానికి మీరు అడిగారా వదినా?” అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. గాలి హోరు తప్ప ఇంకేం వినపడలేదు. “అడగలేదు, నిజమే” అంది చివరికి. “నాకు ఎదురుగా లావు మాత్రమే కనపడింది. నీ పుస్తకం కనపడలేదు.”

రాత్రి నోటుబుక్కు

ఆ రాత్రి వదిన నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి, “నాకు నేర్పించు” అంది. నేను తటపటాయించాను. నిజం ఒప్పుకుంటున్నాను, నాకు ఆవిడ మీద కోపం కంటే నా పని పోతుందేమో అన్న బెంగే ఎక్కువ. నేను లేకపోతే పిల్ల బతకదు అన్నది నాకు భయమూ అయింది, అలవాటూ అయింది. కానీ ఆ మధ్యాహ్నం మలుపులో నాకు మాట రానప్పుడు, చదివి చెప్పడానికి ఒక మనిషి ఉండబట్టి కదా!

గంటసేపు చెప్పాను. ఏ మాత్ర ఏ రంగు, ఎందుకు, ఎప్పుడు. నీళ్ల గ్లాసు మీద గీత ఎక్కడ. నిద్రలో పిల్ల మరీ మగతగా ఉన్నా, తలనొప్పి వాంతులు కలిసొచ్చినా నన్ను లేపాలి. ఆవిడ తన మాటల్లో మళ్లీ అప్పజెప్పింది. తర్వాత ఓళిగల డబ్బా తెచ్చి, “దీన్నేం చేసేది?” అంది. సగం సగం చేసి అందరికీ ఒక్కో ముక్క, అమ్మాయికీ అంతే. మిగతాది కొండమీద పనిచేసే పిల్లలకు ఇచ్చేశాం. అందరితో సమానంగా ఒక ముక్క తిన్నందుకు దాని మొహం ఎంత వెలిగిందో!

“ఈ రాత్రి నేను చూసుకుంటా. నువ్వు పండుకో” అంది వదిన.

పదింటికి పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆరైంది! గుండె ఆగినంత పనైంది. ఒక్క ఉదుటున లేచి చూస్తే అమ్మాయి హాయిగా నిద్రపోతోంది. పక్కన కుర్చీలో వదిన. నోటుబుక్కులో వంకరటింకర అక్షరాలతో రాత్రి లెక్కంతా ఉంది. నీళ్లు ఎప్పుడు, ఎంత, బాత్రూము ఎప్పుడు... చివరన “పిల్ల నిద్రలో నవ్వింది” అని కూడా రాసింది. పద్నాలుగు నెలల్లో నేను ఎనిమిది గంటలు ఏకబిగిన నిద్రపోవడం అదే మొదటిసారి.

పొద్దున మల్లమ్మ గుడికి వెళ్లాం. దొర పేరు రాకముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్ల ఈ కొండమీద ఉండేదట, ఏనుగులే ఆమెను పెంచాయట. కొండమీది చెంచులకు జబ్బు చేస్తే ఆమె మందు ఇచ్చి బాగుచేసేదట. ఒకరోజు ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. జనం గుడి కట్టి కొలుచుకుంటున్నారు. కథ విని వదిన దణ్ణం పెట్టుకుంటూ అంది: “ఆయమ్మ అందరి జబ్బులూ చూసేది. ఆయమ్మను చూసేదానికి ఏనుగులుండె. నీకెవురున్నారే? ఇంక నేనుండా.”

నేను దేవుడి ముందు ఏడవకూడదనుకున్నాను. కుదరలేదు.

మీకోసం నాలుగు మాటలు

కొండకు వెళ్లేవాళ్లు మదనపల్లె నుంచి బస్సులో పోవచ్చు. టూరిజం వాళ్ల గదులు ముందే మాట్లాడుకోండి, సెలవుల్లో దొరకవు. ఎండాకాలమైనా స్వెట్టరు పెట్టుకోండి. కోతులున్నాయి, చేతిలో తినుబండారాలు కనపడనివ్వకండి. మందులు వేసుకునేవాళ్లు, ఘాట్ రోడ్డు ఎక్కకముందు కాకుండా కొండమీదికి చేరాక వేసుకునేలా వీలవుతుందేమో డాక్టరునడిగి వేళ కుదుర్చుకోండి. మేము ఆ పొరపాటే చేశాం.

ఇక పిల్లల సంగతి. పొద్దుటి తలనొప్పి, వాంతి, పక్కచూపు తగ్గడం, విపరీతమైన దాహం, ఎదుగుదల ఆగిపోవడం, వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే వేషాలనుకోకండి. బడి తెరిచినప్పుడల్లా పిల్లల్ని గోడకు నిలబెట్టి ఎత్తు గీత గీసి తేదీ వెయ్యండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఆపరేషను చెప్తే నాలుగు ప్రశ్నలు అడగండి: ఇలాంటి గడ్డలు ఏడాదికి ఎన్ని చేస్తారు? హార్మోన్ల డాక్టరు ఇక్కడే ఉంటారా? చూపు ఎంతవరకు నిలుస్తుంది? ఇంటికి పోయాక అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోను చెయ్యాలి? రెండో డాక్టరును అడిగితే మొదటి డాక్టరు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. స్కానింగు ఫిల్ములు, కాగితాలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం మీ ఆస్పత్రిలో వర్తిస్తుందేమో చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. చూపు బాగా తగ్గితే సదరం సర్టిఫికెట్టుకు వెళ్లండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వేలూరులో ఆస్పత్రి చుట్టుపక్కల వంట చేసుకునే వీలున్న గదులు అద్దెకు దొరుకుతాయి. ఒక చిన్న కుక్కరు, పప్పు, కారప్పొడి తీసుకెళ్తే రోజుల తరబడి ఉన్నా తిండికి ఇబ్బంది ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మీరు చేసే పనంతా ఒక పుస్తకంలో తెలుగులో, పదేళ్ల పిల్ల చదివినా అర్థమయ్యేలా రాయండి. అది ఇంకొక మనిషికి నేర్పండి. ఆ మనిషి మీకు నచ్చినవాళ్లే కానక్కర్లేదు. తోడు కావాలని ఎక్కడెక్కడో వెతుకుతాం గానీ, ఏం చెయ్యాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడిపోయినవాళ్లు మన చుట్టూనే ఉంటారు. అలాగే మీ బంధువుల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి జబ్బుంటే, పిల్ల లావు గురించో జుట్టు గురించో అనకండి. “ఒక రాత్రి నేను కూర్చుంటాను, నువ్వు పడుకో” అనండి. అంతకుమించిన పలకరింపు లేదు.

దిగేటప్పుడు మజ్జిగ ఆమె దగ్గర ఆగి అమ్మాయిని చూపించాం. దానికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కొలత చూసి వదినే నోటుబుక్కులో రాసుకుంది.

ఈ గడ్డ మళ్లీ రావచ్చు. అందుకే ఏళ్ల తరబడి స్కానింగులు తప్పవు. వచ్చే నెలలో మాకు ఒకటుంది. ఏం చెప్తారోనని ఇప్పటికీ గుండె దడే. కానీ ఈసారి బండిలో వదిన కూడా ఉంటుంది. పుంగనూరులో ఆగి ఎక్కించుకోవాలి.

మీరూ వీలు చూసుకుని ఆ కొండకు వెళ్లిరండి. మల్లమ్మ గుడికి వెళ్లినప్పుడు మా అమ్మాయి పేరన కూడా ఒక దణ్ణం పెట్టండి.